గరాజులో పుట్టిన కారు

(ఇన్వర్‌కార్గిల్ కమ్యూనిటీ రేడియోలో తెలుగులో చేసిన ప్రసంగం ఇది. మాట్లాడింది మాట్లాడినట్టే అక్షరాల్లో పెట్టాం. దగ్గులూ, "అంటే... అదీ..."లూ మాత్రం తీసేశాం.)



ఈ కార్యక్రమం నడిపే అమ్మాయి పోయిన వారం ఫోన్ చేసి, "అంకుల్, మీరు ఇంట్లో తయారు చేసిన కారు గురించి కాసేపు మాట్లాడండి" అంది. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక భయం వేసింది. మూడున్నరేళ్ళు పట్టిన పనిని కాసేపట్లో ఎలా చెప్పడం? అందుకని అన్నీ చెప్పను. నేను చేతులు కాల్చుకున్న చోట్ల గురించి ఎక్కువ చెబుతాను, పుస్తకాల్లో దొరికేదాన్ని తొందరగా దాటేస్తాను.

ముందుగా ఒక మాట. నేను ఇంజనీర్ని కాను. ఈడెన్‌డేల్‌లో పాలపొడి ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం నాది. కాకపోతే మా బాబాయికి విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉండేది. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ అక్కడే గడిచాయి. కంపెనీ నుంచి లారీ వచ్చిందంటే ఏమొచ్చేదనుకున్నారు? ఇంజను, చాసిస్, చక్రాలు, అంతే. డ్రైవరుకి కేబిన్ కూడా ఉండేది కాదు. తలకి తువ్వాలు చుట్టుకుని, చెక్కపెట్టె మీద కూర్చుని, ఎండలో వందల మైళ్ళు తోలుకొచ్చేవాళ్ళు. కొన్ని వారాల్లో దానికి కేబినూ, తొట్టీ, రంగులూ, పువ్వులూ, వెనకాల "హారన్ ప్లీజ్", ముందర నిమ్మకాయలూ అన్నీ అమరి లారీ అయ్యేది. కిట్ కార్ అంటే ఏమిటని ఎవరన్నా అడిగితే నేను ఆ షెడ్డే చూపిస్తాను. మన వాళ్ళకిది కొత్త విద్యేం కాదు. తేడా ఒక్కటే. అక్కడ అంతా కొత్తదే, ఇక్కడ చాసిస్ కొత్తది, ఇంజను మాత్రం పాత కారుది.

ఆ పాత కారునే డోనర్ అంటారు. దాత అన్నమాట. రక్తదానం లాంటిది కాదు, అవయవదానం లాంటిది, దాత మళ్ళీ లేవడు. ఇంజను, గేర్‌బాక్సు, వెనక డిఫరెన్షియల్, హబ్బులు, బ్రేకులు, స్టీరింగ్, వైర్ల కట్ట, మీటర్లు ఇవన్నీ దాత ఇస్తాడు. ఇనుప గొట్టాల చాసిస్సు, అల్యూమినియం రేకులు, ఫైబర్‌గ్లాస్ ముక్కు, మడ్‌గార్డులు కిట్టు అమ్మేవాళ్ళు పంపిస్తారు. ఈ రెంటినీ కలిపే తెలివీ, ఓపికా, ఆదివారాలూ మనం పెట్టుకోవాలి.

ఇదంతా ఎక్కణ్ణుంచి వచ్చిందో క్లుప్తంగా చెబుతాను. 1957లో ఇంగ్లండులో కాలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అని తలుపులు లేని, ముక్కు పొడుగాటి చిన్న కారు తెచ్చాడు. తయారైన కారుకి అమ్మకం పన్ను ఉండేది, విడిభాగాలుగా అమ్మితే ఉండేది కాదు. అందుకని జనం పెట్టెల్లో తెచ్చుకుని ఇంట్లో బిగించుకునేవాళ్ళు. ఇందులో ఒక తమాషా చెప్పుకుంటారు. ఎలా బిగించాలో కాగితం ఇస్తే అది తయారైన సరుకు కిందికి వస్తుందట. అందుకని ఎలా విప్పాలో కాగితం ఇచ్చి, దాన్ని వెనకనుంచి చదువుకోమన్నారట! మన గుమాస్తాలు కూడా తల వంచి దణ్ణం పెట్టాల్సిన ఉపాయం. 1973లో ఆ కారు హక్కులు కేటర్‌హామ్ వాళ్ళ చేతికి వెళ్ళాయి. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన, పాత ఫోర్డ్ ఎస్కార్ట్‌ని విప్పి 250 పౌన్లతో స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చంటూ పుస్తకం రాశాడు. ఆ 250 సంగతి మీరు నమ్మకండి. మా ఆవిడ అసలు నమ్మలేదు.

ఇంతకీ నాకీ పిచ్చి ఎలా పట్టిందంటే, దానికి కారణం మన ఊరే. నేను ఈ ఊరొచ్చిన కొత్తలో ఎవరో "ద వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్" సినిమా చూశావా అనడిగారు. 2005లో వచ్చిన సినిమా. ఎవరో మన దేశం వాడి కథే అనుకుని సకుటుంబంగా కూర్చున్నాం. తీరా చూస్తే ఇండియన్ అనేది మోటార్‌సైకిల్ పేరు! హీరో మన ఊరి బర్ట్ మన్రో. 1899లో పుట్టినాయన. 1920లో ఇండియన్ స్కౌట్ కొన్నాడు. కొన్నప్పుడు దాని వేగం గంటకి 55 మైళ్ళు. దాన్నే నలభై ఏళ్ళకు పైగా షెడ్డులో కూర్చుని విప్పుతూ, బిగిస్తూ, పిస్టన్లు తనే పోత పోసుకుంటూ, 1967 ఆగస్టులో అమెరికాలో బాన్‌విల్ ఉప్పు మైదానం మీద 184 మైళ్ళ పైచిలుకు వేగంతో తోలాడు. అప్పటికి ఆయనకి 68 ఏళ్ళు. 2014లో పాత లెక్కలో పొరపాటు దొరికి, ఆ రికార్డుని మరి కాస్త పెంచి 184.087గా సరిదిద్దారు. డీ స్ట్రీట్‌లో ఈ. హేస్ హార్డ్‌వేర్ షాపులో ఆయన బండి ఉంది. మేకులూ, పెయింటు డబ్బాలూ కొనుక్కుంటూ మధ్యలో చూడొచ్చు. ఆయన పేలిపోయిన పిస్టన్లూ, విరిగిపోయిన రాడ్లూ పారెయ్యకుండా ఒక అల్మరాలో వరసగా పెట్టి, "వేగదేవుడికి నైవేద్యాలు" అని రాసుకున్నాడు. నాకు రికార్డు కన్నా ఆ అల్మరా ఎక్కువ నచ్చింది. ఎందుకో తరవాత చెబుతాను.

2019 చలికాలంలో మావాడు పద్నాలుగేళ్ళ వాడు. తలుపేసుకుని గదిలో ఉండే వయసు. వాడితో పట్టుమని పది మాటలు మాట్లాడి నెలలవుతోంది. ఆ షాపులో ఆ బండి ముందు నిలబడి మాత్రం వాడు ముప్పావుగంట కదల్లేదు. "నాన్నా, మనం కూడా ఏదన్నా చేద్దామా?" అన్నాడు. ఆ మనం అన్నమాటకి నేను పడిపోయాను.

దాత విషయానికొస్తే, నేను 1990 నాటి యూనోస్ రోడ్‌స్టర్ తీసుకున్నాను. బయట దేశాల్లో మాజ్దా ఎమ్మెక్స్-5 అనే కారునే జపాన్‌లో ఆ పేరుతో అమ్మారు. జపాన్ నుంచి పాత కార్లు విరివిగా వచ్చే దేశం కాబట్టి ఇక్కడ అవి దొరుకుతాయి. ఇంజను ముందు, లాగేది వెనక చక్రాలు, నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్. అంటే సెవెన్ లాంటి కారుకి కావలసినవన్నీ ఒకే బండిలో ఉన్నాయి. మాది వెనకనుంచి గుద్దించుకున్న బండి. ఇంకొక లక్షణం కూడా కుదిరింది, తుప్పు పట్టింది. ఫోవో జలసంధి నుంచి వచ్చే ఉప్పుగాలికి ఈ ఊళ్ళో కార్ల గుమ్మాల కింది రేకులు పకోడీల్లా అవుతాయని మీకు తెలుసు. బాడీ ఎలాగూ పారేసేదే గనక తుప్పున్న బండి చవగ్గా వచ్చింది. అయితే సస్పెన్షన్ భాగాల మీద తుప్పుంటే మాత్రం ఒప్పుకోకండి, అవి మీతో పాటు వస్తాయి.

కొనేముందు మూడు పనులు చెయ్యండి. ఆ బండి మీద ఎవరికైనా అప్పు ఉందేమో పీపీఎస్ఆర్ రిజిస్టరులో చూడండి. అమ్మినాయన సంతకంతో రసీదు తీసుకోండి, ప్రతి బోల్టు రసీదూ దాచండి, చివర్లో అవన్నీ అడుగుతారు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. విప్పకముందు బండి నడపండి. అన్ని గేర్లూ వేసి, లైట్లూ వైపర్లూ వేసి, కొలిచేదంతా కొలిచి రాసుకోండి. నేను తొందరపడి విప్పేశాను. రెండేళ్ళ తరవాత రివర్సు లైటు వెలగకపోతే, తప్పు నాదో దాతదో తెలియక నాలుగు ఆదివారాలు వెతికాను. దాతదే. అది ఎప్పుడో పోయిందట.

విప్పడం ఆనందంగా ఉంటుంది, పది రోజుల్లో అయిపోతుంది. అసలు పని ఆ పది రోజుల్లో దేన్ని ఎక్కడ పెట్టామన్నది. మా ఆవిడ ఆవకాయ జాడీలు, హార్లిక్స్ సీసాలు అన్నీ గరాజులోకి వచ్చేశాయి. ఒక్కో సీసాలో ఒక్కో చోటి బోల్టులు. సీసాల మీద మావాడి చేత తెలుగులో రాయించాను, వాడికి అక్షరాలు వచ్చినట్టూ ఉంటుందని. "కుడి ముందు కింద" అని వంకర అక్షరాలు. ఎదురింటి కివీ పెద్దాయన సాయానికొచ్చి ఏ సీసాలో ఏముందో తెలియక తల పట్టుకునేవాడు. ఆర్నెల్లకి ఆయనకి "కుడి", "ఎడమ" వచ్చేశాయి. వైర్ల కట్ట విప్పేటప్పుడు ప్రతి కొసకీ చీటీ కట్టండి. అనవసరమైన వైర్లు కత్తిరించే ఉత్సాహం బండి స్టార్టయ్యేదాకా ఆపుకోండి.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. అప్పటికి చాసిస్ వచ్చి ఉంది. పాలపొడి ఆగదు కాబట్టి నాకు ఉద్యోగం ఉంది, మావాడికి బడి లేదు. నేను షిఫ్టు నుంచి వచ్చేసరికి వాడు గరాజులో ఉండేవాడు. ఆ నెలల్లో వాడు నాతో మాట్లాడినంత ఆ ముందు మూడేళ్ళలో మాట్లాడలేదు. సగం మాటలు "పది నంబరు పానా ఇవ్వు" లాంటివే అనుకోండి. అయినా సరే.

ఇప్పుడు కాస్త జాగ్రత్తగా వినండి. ఎవరైనా ఈ పనికి దిగితే ఈ మూడింటి దగ్గరే ప్రాణం మీదికి వచ్చేది.

మొదటిది బ్రేకులు. దాత బరువు టన్నుకి కాస్త తక్కువ. మా కారు ఆరు వందల కిలోలు. బరువు తగ్గింది కదా, అవే బ్రేకులు ఇంకా బాగా పట్టాలి అనుకుంటాం. సగమే నిజం. దాతలో మన కాలి బలాన్ని పెంచే బూస్టరు ఉంటుంది. మా చాసిస్‌లో దానికి చోటు లేదు. అది తీసేస్తే పెడల్ రాయిలా ఉంటుంది. దీనికి మందు మాస్టర్ సిలిండరు మార్చడం. సిలిండరు సన్నదైతే అదే కాలి బలానికి నూనెలో ఒత్తిడి ఎక్కువ పుడుతుంది, కాకపోతే పెడల్ ఎక్కువ దూరం వెళ్తుంది. సన్నమూతి చెంబులోంచి నీళ్ళు పోసినట్టు, జోరు ఎక్కువ, నీళ్ళు తక్కువ. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. గట్టిగా బ్రేకు వేస్తే బరువంతా ముందుకి తూలుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. ముందు చక్రాలకన్నా అవి ముందు బిగుసుకుపోతే బండి తోక ముందుకి తిరుగుతుంది. కాబట్టి ఎప్పుడూ ముందు చక్రాలే ముందు బిగుసుకోవాలి. ముందూ వెనకా ఒత్తిడిని పంచే వాల్వు పెట్టి, ఖాళీ స్థలంలో పరీక్షించి, ఒకసారి కుదిరాక దాన్ని ఎవరూ తిప్పకుండా బిగించెయ్యాలి.

రెండోది స్టీరింగ్. చక్రం గుంటలో పడి పైకి లేచినప్పుడు అది ఒక వంపులో కదులుతుంది. స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్ళే రాడ్డు తన సొంత వంపులో కదులుతుంది. రెండు వంపులూ కలవకపోతే, మీరు చెయ్యి కదపకపోయినా ప్రతి గుంటకీ చక్రం పక్కకి తిరుగుతుంది. దీన్ని బంప్ స్టీర్ అంటారు. దాతలో స్టీరింగ్ ర్యాక్ ఉన్న ఎత్తు కొత్త చాసిస్‌లో సరిగ్గా అదే ఉండదు. స్ప్రింగు తీసేసి, చక్రాన్ని జాకీతో కొద్ది కొద్దిగా ఎత్తుతూ, చక్రం ముందంచూ వెనకంచూ ఎంత జరిగాయో కొలిచి రాసుకోవాలి. మాకు రెండు శనివారాలు పట్టింది. ర్యాక్ కింద ఆరు మిల్లీమీటర్ల పలక పెడితే కుదిరింది. ఆరు మిల్లీమీటర్లంటే మూడు నాలుగు రూపాయి బిళ్ళల మందం ఉంటుందేమో. అది లేకుండా గంటకి వంద కిలోమీటర్ల వేగంలో... సరే, వద్దు.

మూడోది వెల్డింగు. ఇక్కడ నా కథ చెప్పాలి.

న్యూజిలాండ్‌లో ఇలాంటి బండి రోడ్డెక్కాలంటే లో వాల్యూమ్ వెహికల్ సర్టిఫికేషన్ ఉండాలి. అనుమతి పొందిన సర్టిఫయర్ వచ్చి బండిని చూసి, ఒప్పుకున్నాక ఒక చిన్న లోహపు పలక ఇస్తాడు, అది బండికి బిగించుకోవాలి. దాని తరవాతే రిజిస్ట్రేషన్, నంబరు. వాళ్ళు ప్రచురించే హాబీ కార్ టెక్నికల్ మాన్యువల్‌లో బెల్టు కొక్కెం ఎంత మందం ఉండాలన్న దగ్గర్నుంచీ అన్నీ ఉన్నాయి. కట్టడం మొదలుపెట్టక ముందే సర్టిఫయర్‌తో మాట్లాడమని అందరూ చెబుతారు. నేనూ మాట్లాడాను. కానీ మధ్యలో నా పైత్యం కొంత కలిపాను. స్టీరింగ్ కాలమ్ పట్టుకునే బ్రాకెట్టు, రెండు సీటు బెల్టు కొక్కాలు నేనే వెల్డ్ చేశాను. ఆటోనగర్‌లో పెరిగినవాణ్ణి కదా, ఆ గర్వం. చూడ్డానికి ముత్యాల సరంలా వచ్చింది కూడా.

సర్టిఫయర్ బల్బు పట్టుకుని కిందికి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చి, "పైన బావుంది, లోపల అంటుకోలేదు. కోసెయ్" అన్నాడు. కరిగిన లోహం పైన పేరుకుంది గానీ అడుగు ఇనుములోకి దిగలేదు. దళసరి పలకకి నేను పెట్టిన వేడి చాలలేదు. నేను వాదించాను. ఇరవై ఏళ్ళ నుంచి వెల్డింగు చూస్తున్నానన్నాను. ఆయన ఏమీ అనలేదు. బెల్టు కొక్కానికి ఒక ఇనుప గొట్టం తగిలించి నన్నే లాగమన్నాడు. రెండోసారి గట్టిగా వంచేసరికి అది టప్పున ఊడి నా చేతిలోకి వచ్చింది. మావాడు పక్కనే నిలబడి చూస్తున్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బాబాయి షెడ్డులో జరిగిన సంగతి ఒకటి ఉంది. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఒక లారీ స్టీరింగ్ రాడ్డు చీలితే, కొత్తది వచ్చేదాకా ఆగలేక ఓనరు గోలపెడితే, అతికి పంపించారు. బయటికి చక్కగానే ఉంది. నాలుగో రోజు అది మళ్ళీ విరిగింది. బండి కాలవలో పడింది. క్లీనరు కుర్రాడు పోయాడు. నాకు చెరుకు ముక్కలు కొనిపెట్టేవాడు. బాబాయి ఆ తరవాత తన షెడ్డులో స్టీరింగ్ భాగం దేనికీ వెల్డింగు రాడ్డు తాకనివ్వలేదు. "ఒరే, రేకు అతకొచ్చు, ప్రాణం అతకలేం" అనేవాడు. ఇన్నేళ్ళూ నేను దాన్ని బాబాయి చాదస్తం కింద గుర్తుపెట్టుకున్నాను.

మర్నాడు మా ఆవిడకి చెప్పాను. అప్పటిదాకా ఆవిడ గరాజు గుమ్మం దాటి ఒక్క మాట అనలేదు. "ఏమండీ, ఆ పలక బిగించేదాకా పిల్లాడు దాంట్లో కూర్చోవడానికి వీల్లేదు. ఇంటి ముందు కూడా తిప్పొద్దు" అంది. అదే నియమం అయింది. మూడు ముక్కలూ కోసేసి, ధృవపత్రం ఉన్న వెల్డరు చేత కొత్తవి పెట్టించాను. చాసిస్ మీద మిగిలిన నా చేతి అతుకులన్నీ ఆయన చేతే చూపించుకున్నాను. దానికి ఐదు నెలలు, దాదాపు రెండు వేల డాలర్లు పోయాయి. ఊడొచ్చిన కొక్కెం మాత్రం పారెయ్యలేదు. గరాజులో అల్మరా మీద పెట్టాను. మావాడు దాని కింద కాగితం అంటించాడు, "నైవేద్యం" అని. తెలుగులోనే.

అప్పట్నుంచీ పనిచేసే పద్ధతి మారింది. ప్రతి ముఖ్యమైన బోల్టునీ టార్క్ పానాతో నేను బిగిస్తే, వాడు మళ్ళీ చూసి పసుపు పెయింటుతో గీత పెట్టేవాడు. గీత లేకపోతే బిగించనట్టే లెక్క. ఆ గీత చెదిరితే బోల్టు కదిలిందని ఇట్టే తెలుస్తుంది.

చిన్న విషయాలు కొన్ని. జూలైలో ఫైబర్‌గ్లాస్ పని పెట్టుకోకండి. మన చలికి రెసిన్ గట్టిపడదు, వారం తరవాత కూడా జీడిపాకంలా అంటుకుంటుంది. నేను మడ్‌గార్డుని లివింగ్ రూములో హీటరు పక్కన పెట్టి ఇల్లంతా ఆ వాసన పట్టించి తిట్లు తిన్నాను. దాత భాగాల్లో అక్కర్లేనివి అమ్మండి. మేం పద్దెనిమిది వందలకి కొన్న బండిలోంచి తలుపులూ, సీట్లూ, టాపూ అమ్మితే తొమ్మిది వందలు తిరిగొచ్చాయి. మొత్తం ఖర్చు అడక్కండి. ఇరవై నాలుగు వేల దగ్గర లెక్క రాయడం మానేశాను. ఆ డబ్బుకి మంచి కారు వచ్చేది. నిజమే. డబ్బు మిగుల్తుందని ఎవరూ ఈ పని మొదలుపెట్టొద్దు.

ఇతర దేశాల్లో ఉన్న వాళ్ళు కూడా వింటారు కనక చెబుతున్నాను. బ్రిటన్‌లో దీనికి ఐవీఏ అనే పరీక్ష ఉంది. అమెరికాలో ఏ రాష్ట్రం పద్ధతి దానిది, ముందు మీ డీఎంవీలో కనుక్కోండి. అక్కడ ఫోర్డ్ మస్టాంగ్‌ని దాతగా పెట్టుకుని కోబ్రా లాంటి బండి కట్టుకునే కిట్లకి మంచి పేరుంది. మన దేశంలో అయితే దారి ఇరుకు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన బండి స్వరూపం మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అంతమాత్రాన మనవాళ్ళ చేతులు ఊరుకున్నాయా? హైదరాబాద్‌లో జూ పార్కు దగ్గర బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది. కన్యబోయిన సుధాకర్ గారు పాత సామాను పోగేసి క్రికెట్ బంతి కారు, కెమెరా కారు, ఎత్తు మడమ చెప్పు కారు చేశారు. 2005లో నాలుగంతస్తుల ఎత్తు మూడు చక్రాల సైకిలు కట్టి గిన్నిస్‌లోకి ఎక్కారు. సెలవులకి వెళ్ళినప్పుడు పిల్లలకి చూపించండి. మా వాడైతే అక్కడ ఫొటోలు తీసుకోవడం మానేసి ప్రతి బండి కిందా వంగి అతుకులు చూస్తూ కూర్చున్నాడు.

మా కారుకి పలక 2023 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ సర్టిఫయరే వచ్చాడు. ఈసారి కిందనుంచి తొందరగా లేచాడు. "ఈ పసుపు గీతలు ఎవరివి?" అన్నాడు. మావాడు చెయ్యెత్తాడు. అప్పటికి వాడికి పద్దెనిమిది నిండబోతున్నాయి, ఇంకో రెండు వారాల్లో డునెడిన్ యూనివర్సిటీకి వెళ్తున్నాడు.

నంబరు ప్లేటు వచ్చిన సాయంత్రం ఎవరు ముందెక్కాలన్న ప్రశ్న వచ్చింది. సీట్లు రెండే. వాడు తాళాలు నాకిచ్చి, వాళ్ళమ్మ కోసం పక్క తలుపు... తలుపు లేదుగా, పక్క గొట్టం మీద దిండు వేసి, చెయ్యందించి ఎక్కించాడు. ఆవిడ చీర కొంగు నడుముకి దోపుకుని, స్కార్ఫు కట్టుకుని కూర్చుంది. ఒరెటి బీచికి వెళ్దామంది. ఉప్పూ ఇసకా, కొత్త బండి, వద్దన్నాను. బ్లఫ్ వైపు వెళ్ళాం, ఒకటో నంబరు హైవే ఆఖరు దాకా, స్టిర్లింగ్ పాయింట్ దగ్గర ఆ పసుపు చేతులున్న స్తంభం దాకా. తొమ్మిదైనా వెలుతురుంది. దారి పొడుగునా ఆవిడ ఒక చేత్తో బెల్టు కొక్కెం పట్టుకునే ఉంది. అక్కడ దిగాక, "గట్టిగానే ఉందండీ" అంది.

ఇప్పుడు ఆ కారు గరాజులోనే ఉంది. ఎండ కాసిన ఆదివారం డీ స్ట్రీట్‌లో కనిపిస్తే చెయ్యి ఊపండి. రివర్సు లైటు ఇప్పుడు వెలుగుతోంది. ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే ఇంటికి రండి, సీసాలు ఇంకా ఉన్నాయి, చీటీలు తెలుగులోనే ఉన్నాయి. ఇక సెలవు. నమస్కారం.